ఎవెలిన్ ప్రీర్ బొమ్మ మన మేడ మీద వేయాలంటే

1920 నాటి ఒక అమెరికా మూకీ సినిమాని మన వాడలో, మన భాషలో, ఇంగ్లీషు అక్షరం రాని అక్కలకి కూడా అందేలా చూపించడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. సినిమా పేరు ‘విదిన్ అవర్ గేట్స్’. తీసింది ఆస్కార్ మిషో. అందులో సిల్వియా లాండ్రీ అనే పంతులమ్మ పాత్ర వేసింది ఎవెలిన్ ప్రీర్. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. హాలీవుడ్డు వాళ్ళ గడప తొక్కకుండా, తమ జనం కోసం తాము తీసుకున్న సినిమా ఇది.

విశాఖపట్నంలో మేం దీన్ని అక్కయ్యపాలెంలో మా అపార్టుమెంటు మేడ మీద వేస్తుంటాం. గాజువాక వైపు ఎవరైనా పిలిస్తే వాళ్ళ కమ్యూనిటీ హాల్లోనూ వేస్తాం. మూకీ కాబట్టి మాటలన్నీ రాసిన కార్డులుగా తెర మీద పడతాయి; కార్డు పడినప్పుడల్లా తెలుగులో చదివేది నేను. వయసులో ఉన్నన్నాళ్ళూ పరిషత్తు నాటకాల్లో వేషాలు వేశాను. సాయంత్రం బస్సెక్కి, పేరు తెలియని ఊళ్ళో స్టేజీ వెనక చీర మార్చుకుని, తెల్లారేసరికి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించిన బతుకు. అందుకే ఎవెలిన్ ప్రీర్ అంటే నాకింత పట్టింపు. ఆమె ఎలా పనిచేసిందో నాకు ఒంటికి తెలుస్తుంది.

మీకు కావలసినవి: ఒక ప్రొజెక్టరు, ఒక ల్యాప్‌టాప్, పెద్ద పన్నా తెల్లగుడ్డ, ఒక మైకు, స్పీకరు, ఒక నోటుబుక్కు, బిగ్గరగా చదవగల మనిషి ఒకరు. హార్మోనియం వాయించేవాళ్ళు దొరికితే అదృష్టం, దొరక్కపోయినా ఆట ఆగదు.

ప్రతి దొరకబుచ్చుకోవడం

ఈ సినిమా చాలా ఏళ్ళు పోయిందనే అనుకున్నారు. చివరికి ఒక్క ప్రతి స్పెయిన్ దేశపు ఫిల్మ్ ఆర్కైవులో బయటపడింది, ‘లా నెగ్రా’ అనే పేరుతో. అంటే ‘నల్లమ్మాయి’ అని. కార్డులు దాదాపు అన్నీ స్పానిష్‌లోకి మార్చి ఉన్నాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు వాటిని తిరిగి ఇంగ్లీషులో రాయించి, 1993లో బాగుచేసిన ప్రతిని సిద్ధం చేశారు. మనం చూడాల్సింది ఆ ప్రతే. మొదట్లో ఆ లైబ్రరీ పేరు, పునరుద్ధరణ సంగతి కనిపించే కాపీ తీసుకోండి. నెట్‌లో మసకగా, అంచులు కోసేసిన కాపీలు బోలెడు తిరుగుతున్నాయి. మొహం సగం తెగిపోయిన కాపీలో నటి ఏం కనిపిస్తుంది?

హక్కుల మాట అడుగుతారు కొందరు. మన దేశంలో సినిమా మీద కాపీరైటు విడుదలైన తర్వాత అరవై ఏళ్ళు. ఇది 1920 సినిమా, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కానీ ఈమధ్య కాలంలో ఎవరో దానికి కొత్తగా సంగీతం కట్టి రికార్డు చేసి ఉంటే ఆ సంగీతం వాళ్ళది. కాబట్టి కాపీకి ఉన్న శబ్దం పూర్తిగా తీసేయండి. మన ఆటకి అదే మేలు కూడా, ఎందుకో తర్వాత చెబుతాను.

నిడివి గంటా ఇరవై నిమిషాలకి అటూఇటూ. మధ్యలో ఒక చిన్న ముక్క దొరకలేదు, అక్కడ ఏం జరిగిందో కార్డు చెబుతుంది. ఆ కార్డు మాత్రం వదలకుండా చదవండి, లేకపోతే జనం కథ తాడు తెగిందనుకుంటారు.

ఆమె గురించి పది నిమిషాలు

బొమ్మకి ముందు ఆమె ఎవరో చెప్పాలి. చెప్పడంలో ఒక పద్ధతుంది. ‘పాపం’తో మొదలుపెట్టకండి. కళాకారిణి గురించి మాట్లాడటం అనగానే మనవాళ్ళు ముందు ఆవిడ కష్టాలు, చివరి రోజులు, చావు చెబుతారు. చేసిన పని ఎక్కడో మూలన పడుతుంది. మీరు పని నుంచి మొదలుపెట్టండి. నేను చెప్పే వరస ఇది.

ఎవెలిన్ ప్రీర్ పుట్టినప్పటి పేరు ఎవెలిన్ జార్విస్. 1896 జూలై 26న మిసిసిపీ రాష్ట్రంలో విక్స్‌బర్గ్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి పోయాక తల్లి షికాగో చేరింది. ఆ తల్లి దైవభక్తురాలు. చర్చి కట్టడానికి చందాల కోసం వీధుల్లో నిలబడి బోధలు చేసేటప్పుడు కూతురూ పక్కన నిలబడి మాట్లాడేది. ఇది చెప్పగానే మా గాజువాక జనానికి ఆమె దగ్గరైపోతుంది. దారిన పోయేవాణ్ణి ఆపి, వినేలా చేసే గొంతు ఎలా తయారవుతుందో కూడలిలో నిలబడి మాట్లాడినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మిషో సంగతి రెండు మాటల్లో చెప్పండి. రైలు బోగీల్లో పోర్టరుగా పనిచేసి, దక్షిణ డకోటాలో సేద్యం చేసి, నవలలు రాసి ఇంటింటికీ అమ్ముకున్న మనిషి. ఆయన నవల ‘ద హోమ్‌స్టెడర్’ని లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ అనే నల్లజాతి వాళ్ళ సంస్థ సినిమాగా తీస్తానంది. దర్శకత్వం నేనే చేస్తానన్నాడు. వాళ్ళు కుదరదన్నారు. అయితే నేనే తీసుకుంటానని షేర్లు అమ్మి డబ్బు పోగేసి 1919లో తీశాడు. నల్లజాతి దర్శకుడు తీసిన మొట్టమొదటి పూర్తి నిడివి కథాచిత్రం అది. అందులో ఎవెలిన్ ప్రీర్ ఉంది, అదే ఆమె మొదటి సినిమా. ఆ సినిమా ఇవాళ ఎక్కడా లేదు.

తర్వాత వరసగా మిషో సినిమాల్లో ముఖ్య పాత్రలు: 1920లో ‘విదిన్ అవర్ గేట్స్’, అదే ఏడు ‘ద బ్రూట్’, 1921లో ‘ద గన్సాలస్ మిస్టరీ’, 1924లో ‘బర్త్‌రైట్’, 1926లో ‘ద కంజ్యూర్ వుమన్’, 1927లో ‘ద స్పైడర్స్ వెబ్’. ఈ జాబితా మెల్లగా చదివి, వీటిలో మనం ఇవాళ చూడబోయేది తప్ప మిగతావి లేవని చెప్పండి. మిషో తీసిన మూకీలన్నిటిలో మిగిలినవే మూడు. ఇది విని జనం అయ్యో అంటారు. అప్పుడు మన ఇంటి సంగతి చెప్పండి. మన రఘుపతి వెంకయ్య నాయుడి కొడుకు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా లేదు. కేరళలో 1928లో తీసిన ‘విగతకుమారన్’ కూడా లేదు. ఆ సినిమాలో రోజీ అనే దళిత పిల్ల నాయరు స్త్రీ పాత్ర వేసిందని అగ్రకులాల వాళ్ళు దాడికి దిగితే ఆమె ఊరే వదిలిపోవాల్సి వచ్చింది. ఆమె నటన ఒక్క ఫ్రేము కూడా మనకి మిగల్లేదు. మూకీల్లో ఎవెలిన్‌ది ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కటీ జాగ్రత్తగా చూద్దాం రండి అని పిలవాలి.

నాటకం సంగతి మరిచిపోకండి, నాకైతే అదే ముఖ్యం. 1920లోనే ఆమె లఫాయెట్ ప్లేయర్స్‌లో చేరింది. అనీటా బుష్ అనే నటి 1915లో న్యూయార్కులో మొదలుపెట్టిన నల్లజాతి నటుల సమాజం అది. నల్లవాళ్ళంటే పాటా ఆటా తప్ప గంభీరమైన నాటకం ఆడలేరు అనేవాళ్ళకి ఆ సమాజమే జవాబు. 1923లో బ్రాడ్వే మీద ‘సలోమీ’ నాటకంలో సలోమీగా వేసింది. 1926లో బెలాస్కో అనే నాటక నిర్మాత వేయించిన ‘లులు బెల్’లో చిన్న వేషం. ఆ నాటకంలో నల్లజాతి నాయిక పాత్రని రంగు పూసుకుని వేసింది లెనోర్ అల్రిక్ అనే తెల్ల నటి. సలోమీ వేసిన మనిషి పక్కన నిలబడాలి, నల్లపిల్లగా తెల్లావిడ నడిమధ్య నిలబడాలి. ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుంది, పెరగనిస్తాను. మన దగ్గరా ఆడవేషం మగవాళ్ళు కట్టిన కాలం ఎంతో ఉంది. స్థానం వారు మధురవాణిగా నిలబడితే జనం నీరాజనం పట్టారు. ఆయన గొప్పదనం ఆయనదే. అయినా ఆ కాలంలో స్టేజీ ఎక్కాలనుకున్న ఆడపిల్ల ఎక్కడ నిలబడి ఉంటుందో అని నేను ఆలోచిస్తూనే ఉంటాను.

ఇక్కడ ఆపేయండి. మిగతా జీవితం బొమ్మ అయ్యాక చెప్పాలి.

నోటుబుక్కు పని

అసలు శ్రమ అంతా ఇక్కడే. సినిమాని ముందు ఒంటరిగా, ఏమీ రాయకుండా చూడండి. తర్వాత ప్రతి కార్డు దగ్గరా ఆపుతూ ఎడమ పేజీలో సమయం, కుడి పేజీలో తెలుగు రాయండి. మా ఎదురింటి కుర్రాడు ఇంజినీరింగు చదువుతున్నాడు, ల్యాప్‌టాప్ వాడి చేతిలో ఉంటుంది. “పెద్దమ్మా, ఈ కార్డు నాలుగు సెకన్లే ఉంది, నువ్వు సగంలో ఉండగానే పోతోంది” అంటాడు. “అయితే ఆపరా నాయనా, నేను తల ఊపాక వదులు” అంటాను. బొమ్మ ఆపి చదవడానికి సిగ్గుపడకండి. ఆ కాలంలో షికాగో హాళ్ళలో కూడా చదువు రానివాళ్ళ కోసం పక్కవాళ్ళు పైకి చదివే ఉంటారు కదా. పొడుగు కార్డులకి ముందే గుర్తు పెట్టుకుని, అక్కడ ఆపాలని ఇద్దరూ ఒక మాట మీద ఉంటే ఎక్కడా గందరగోళం ఉండదు.

భాష ఇంట్లో మాట్లాడుకునేది వాడండి. ‘విద్యాభివృద్ధికై నిధుల సమీకరణ’ అని చదివితే వెనక వరస ఆవలిస్తుంది. ‘బడి నడవాలంటే ఐదు వేల డాలర్లు కావాలి’ అని చదివితే ముందుకి వంగుతుంది. ఆ బడి సంగతి కథకి గుండెకాయ. నల్లపిల్ల ఒకరి చదువుకి ప్రభుత్వం ఏడాదికి ఇచ్చేది ఒక డాలరూ నలభైతొమ్మిది సెంట్లని కార్డు మీద పడుతుంది. ఆ అంకె రెండుసార్లు చదవండి.

యాస విషయంలో మాత్రం నా మాట వినండి. ఇందులో ఎఫ్రెమ్ అనే పనివాడున్నాడు, తెల్ల దొరకి చాడీలు మోసే మనిషి. ఓల్డ్ నెడ్ అనే ముసలి బోధకుడున్నాడు, దొరల ముందు వంగి వంగి నవ్వుతాడు. చదువుకున్న వాళ్ళ కార్డులు ఒక తీరుగా, వీళ్ళవి పల్లె యాసలో ఉంటాయి. చదివేటప్పుడు ఎవరికైనా వెంటనే తోచేది, వీళ్ళకి శ్రీకాకుళం యాస పెట్టి జనాన్ని నవ్విద్దామని. వద్దు. తెలుగు సినిమాల్లో ఎన్నేళ్ళుగానో పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ, అమాయకుడికీ మన ఉత్తరాంధ్ర మాటే పెట్టి నవ్వించారు. ఆ హాళ్ళలో కూర్చుని మనమే ఆ నవ్వు విన్నాం. మిషో ఓల్డ్ నెడ్‌ని నవ్వించడానికి పెట్టలేదు. దొరలు గది లోంచి పంపేశాక, తలుపు మూసుకుని ఒక్కడూ నిలబడి, నా జన్మహక్కు మళ్ళీ అమ్ముకున్నాను అన్నట్టు కుమిలిపోతాడు. అంతవరకూ నవ్వించి ఉంటే ఆ క్షణంలో జనం అతని వెంట వెళ్ళలేరు. నా పద్ధతి తిరగేసి చెబుతాను: సినిమా మొత్తం, సిల్వియా మాటలతో సహా, మన మాటలోనే చదువుతాను. ప్రేమలేఖా మన యాసే, డాక్టరుగారి ఉపన్యాసమూ మన యాసే. మొదటి పది నిమిషాలు జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తర్వాత మరిచిపోతారు.

గొంతులు మార్చడం ఎక్కువ చేయొద్దు. ఆడా మగా తేడా తెలిస్తే చాలు. తోడుగా చదివే మగమనిషి దొరికితే దొరల కార్డులు ఆయనకి ఇవ్వండి.

కథ ముందే చెప్పేయండి

ఈ కథలో మనుషులెక్కువ, మలుపులెక్కువ. మన జనానికి పేర్లు కొత్త. ముందు చెప్పకపోతే సగం ఆట ‘వీడెవడు’ అనుకోవడంతోనే గడిచిపోతుంది. హరికథకి వచ్చేవాళ్ళందరికీ కథ ముందే తెలుసు, అయినా కూర్చుంటారు. ఇదీ అంతే.

సిల్వియా దక్షిణాది నుంచి వచ్చిన పంతులమ్మ. ఉత్తరాదిలో బంధువు అల్మా ఇంట్లో ఉంటుంది. సిల్వియాకి కాబోయే భర్త కాన్రాడ్ మీద అల్మాకి కన్ను. అల్మా చేసిన కుట్రతో పెళ్ళి చెడుతుంది. సిల్వియా దక్షిణాదికి పోయి జేకబ్స్ అనే ఆయన నడిపే పేదపిల్లల బళ్ళో చేరుతుంది. ఆ బడికి డబ్బు కోసం బోస్టన్ వెళ్తుంది. అక్కడ డాక్టర్ వివియన్ పరిచయం, ఒక పసివాణ్ణి కాపాడబోయి కారు కింద పడటం, ఆ కారు యజమానురాలు మిసెస్ వార్విక్ దయగల ధనవంతురాలు కావడం. ఆమె స్నేహితురాలు ఒకావిడ, నల్లపిల్లలకి చదువెందుకు, ఓల్డ్ నెడ్‌కి వంద డాలర్లు ఇస్తే చాలదా అంటుంది. మిసెస్ వార్విక్ ఆ మాట విని, బడికి ఐదు వేలు కాదు, యాభై వేలు ఇస్తుంది. చివరి భాగంలో సిల్వియా గతం: పెంచిన తండ్రి జాస్పర్ లాండ్రీ పాలికి సేద్యం చేసే రైతు. దొర గ్రిడిల్‌స్టోన్ లెక్కల్లో మోసం చేస్తుంటే చదువుకున్న సిల్వియా లెక్కలు రాసిపెడుతుంది. దొరని ఎవరో తెల్లవాడు కిటికీలోంచి కాల్చి చంపితే నేరం జాస్పర్ మీద పడుతుంది. మూక వస్తుంది.

రంగు విషయం కూడా ముందే తేల్చేయండి. ఆట అయ్యాక ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: “ఈవిడ తెల్లగానే ఉంది కదమ్మా, నల్లపిల్లంటారేంటి?” అమెరికాలో పూర్వీకుల్లో ఒకరు నల్లవాళ్ళయినా ఆ మనిషిని నల్లజాతిగానే లెక్కేసేవారని, చట్టం, పెళ్ళి, రైలుపెట్టె అన్నీ ఆ లెక్కమీదే నడిచేవని చెప్పండి. కథ ముడి కూడా అక్కడే ఉంది. సిల్వియా మీద అత్యాచారానికి దిగిన గ్రిడిల్‌స్టోన్ తమ్ముడు ఆమె ఒంటి మీద మచ్చ చూసి, ఈమె తన కన్నకూతురని పోల్చుకుంటాడు. తెరమీద ఎవరు తెల్లవాళ్ళో ఎవరు నల్లవాళ్ళో తెలియకుండా చూస్తే ఈ ముడి విడదు.

మూక జాస్పర్‌నీ అతని భార్యనీ ఉరితీసే దృశ్యాలూ, సిల్వియా పెనుగులాటా ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి పడతాయి. ఇది మైకులో ముందే చెప్పండి. చిన్న గుంటలని అంతకుముందే కిందికి పంపించే ఏర్పాటు చేయండి, పెద్దవాళ్ళలో లేచి వెళ్ళాలనుకున్న వాళ్ళకి దారి వదలండి. ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నచోట నేను ఈ మాట రెండోసారి కూడా, ఆ ఘట్టం మొదలయ్యే ముందు బొమ్మ ఆపి చెబుతాను.

1915లో గ్రిఫిత్ తీసిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ నల్లవాణ్ణి ఆడవాళ్ళ మీద పడే మృగంగానూ, ముసుగులు వేసుకుని చంపే క్లాన్ మూకని రక్షకులుగానూ చూపించింది. దేశమంతా ఆడింది. మిషో అందులోని కోత పద్ధతే, అంటే రెండు ఘట్టాల్ని ముక్కలు చేసి మార్చి మార్చి చూపే పద్ధతే, తీసుకుని నిజాన్ని తెరమీద పెట్టాడు: మీద పడేది ఎవరు, చంపేది ఎవరు. 1919 జూలైలో షికాగోలో జాతి అల్లర్లు జరిగి 38 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆర్నెల్లకే, 1920 జనవరిలో, ఈ సినిమా అదే ఊళ్ళో విడుదలకి వచ్చింది. సెన్సారు వాళ్ళు మళ్ళీ గొడవలవుతాయని మొదట ఒప్పుకోలేదు. చివరికి ఆడింది. జనం చూశారు.

తెర, గాలి, కరెంటు

డిసెంబరు, జనవరి నెలలు పెట్టుకోండి. విశాఖలో డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, ఆరున్నరకి ఆట మొదలుపెట్టొచ్చు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వార్త వింటూ మేడ మీద సామాను పెట్టుకోకండి. ఎండాకాలం ఏడు దాటితేగాని చీకటి పడదు, పైగా చెమట.

పాత ఊళ్ళో బట్టల కొట్లో పెద్ద పన్నా తెల్లగుడ్డ అడగండి. రెండు దుప్పట్లు కలిపి కుడితే కుట్టు సరిగ్గా నటి మొహం మీదికి వస్తుంది. కింద అంచున మడత కుట్టించి అందులో కర్ర దూర్చండి, రెండు పక్కలా తాళ్ళతో బిగించండి. సముద్రపు గాలి రాత్రయ్యేకొద్దీ దిశ మారుతుంది, తెర వెనక గోడ ఉంటేనే నిలుస్తుంది. మూడు వేల ల్యూమెన్ల ప్రొజెక్టరుకి ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు బొమ్మ చాలు. అద్దెకి తెస్తే పగలే ఒకసారి వెలిగించి చూసుకోండి. బొమ్మని పక్కలకి సాగదీయకండి. ఇది దాదాపు చదరంగా ఉండే పాతకాలపు బొమ్మ, ఇవాళ్టి టీవీ కొలతకి లాగితే ఎవెలిన్ మొహం వెడల్పయిపోయి ఆమె కళ్ళలో పని పోతుంది. పక్కన నల్లగా ఉంటే ఉండనివ్వండి. వీధి దీపం పడకుండా ఒక గోనెపట్టా అడ్డం కట్టండి. ఇన్వర్టరు మీదినుంచి తీగ లాగండి.

సంగీతం గురించి. షికాగోలో నల్లజాతి జనం వెళ్ళే వెండోమ్ థియేటర్లో సినిమా నడుస్తుంటే కింద ఆర్కెస్ట్రా వాయించేది. అంటే ప్రతి ఊళ్ళో ఆ ఊరి వాద్యమే. మన దగ్గర హార్మోనియం, ఒక డప్పు. ప్రేమ ఘట్టాలకి సినిమా పాటల వరసలు వాయించొద్దని ముందే మాట తీసుకోండి. వరస గుర్తుపట్టగానే జనం పాట పాడుకోవడం మొదలెడతారు. ఉరితీత దగ్గర ఏమీ వాయించొద్దు. కార్డు ఉంటే నేను చదువుతాను, లేకపోతే ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడే ఉంటుంది.

ఆమెలో ఏం చూడాలి

జనానికి రెండు చోట్లు గుర్తు చేసి పెట్టండి, అంతకుమించి వద్దు. ఒకటి, జాస్పర్ ఇంట్లో లెక్కలు రాసే చోటు. మూకీల్లో నటన అంటే చేతులు తిప్పడం, కళ్ళు పెద్దవి చేయడం అనుకుంటారు. ఇక్కడ ఆమె తల వంచి కాగితం చూస్తుంది. తండ్రికి చదువు రాదు, తల్లికి రాదు, తనకి వచ్చు. ఆ గర్వం, ఆ భయం రెండూ మెడ నిలబెట్టిన తీరులో ఉన్నాయి. మా మేడ మీద చూసినవాళ్ళలో ఇళ్ళల్లో పనిచేసే అక్కలున్నారు. రేషను కార్డో, బ్యాంకు కాగితమో కూతురి చేత చదివించుకునే తల్లులు వాళ్ళు. ఈ ఘట్టానికి వాళ్ళెంత నిశ్శబ్దంగా కూర్చుంటారో చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

రెండోది పెనుగులాట. గది నిండా తిరుగుతూ, బల్ల అడ్డం పెట్టుకుని, చేతికందినదాంతో ఎదురు తిరుగుతుంది. ఎక్కడా సొమ్మసిల్లి పడే నాయికలా చేయలేదు. అలాంటి ఘట్టం స్టేజీ మీద చేసినవాళ్ళకి తెలుసు, పక్క నటుడి బరువు నిజంగానే మీద పడుతుంది, నేల నిజంగానే తగులుతుంది. మిషో దగ్గర డబ్బు తక్కువ, ఒక షాటుకి రెండోసారి చేసే వీలు తక్కువ. ఆ ఒక్కసారికే ఆమె అంత ఇచ్చింది. తన సినిమా పనిలోని ఇలాంటి అనుభవాల్ని 1927లో ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ అనే నల్లజాతి పత్రికలో తానే రాసుకుంది. ఆమె గురించి ఇవాళ మనకి తెలిసిందాంట్లో ఎక్కువ భాగం అలాంటి పత్రికలు అచ్చు వేసినదే. తెల్లవాళ్ళ పత్రికలు ఆమెని అంతగా పట్టించుకోలేదు. మీ ఊళ్ళో నాటకాలు వేసేవాళ్ళుంటే వాళ్ళ కరపత్రాలు, ఫొటోలు దాచమని ఈ సందర్భంలో చెప్పండి. విశాఖ పౌర గ్రంథాలయం లాంటి చోట పాత పత్రికలు తిరగేస్తే మన నటీమణుల గురించి ఎంత తక్కువ రాశారో మీకే తెలుస్తుంది.

బొమ్మ అయ్యాక

లైట్లు వెంటనే వేయకండి. ఒక నిమిషం ఆగి, ఆమె మిగతా జీవితం చెప్పండి. 1924లో లఫాయెట్ ప్లేయర్స్ నటుడు ఎడ్వర్డ్ థాంప్సన్‌ని పెళ్ళాడింది. ఆ సమాజం 1928లో లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. అక్కడ ‘రెయిన్’ నాటకంలో శాడీ థాంప్సన్ పాత్ర ఆమెదే. గ్రామఫోను రికార్డులకి పాటలు పాడింది, డ్యూక్ ఎలింగ్టన్ వాద్యబృందంతో కూడా. మాటలొచ్చాక 1929లో ‘మెలాంకలీ డేమ్’ అనే చిన్న టాకీలో నటించింది, అది దొరుకుతుంది. అందులో నల్లవాళ్ళ మాటని తెల్ల రచయిత వేళాకోళంగా రాసిన తీరు నాకు నచ్చదు, అయినా ఆమె గొంతు వినడానికి రెండు నిమిషాల ముక్క వేస్తాను. సిల్వియాగా నోరు కదిలించిన మనిషి గొంతు ఇదీ అని తెలియగానే జనంలో ఒక కదలిక వస్తుంది. తర్వాత హాలీవుడ్డులో చిన్న వేషాలు. 1932లో మార్లీన్ డీట్రిచ్ నాయికగా వేసిన ‘బ్లాండ్ వీనస్’లోనూ ఒకటి. ఆ ఏప్రిల్లో కూతురు పుట్టింది. నవంబరులో న్యుమోనియాతో ఎవెలిన్ పోయింది, ముప్పై ఆరేళ్ళకి. ఆ కూతురు పెద్దయి సన్యాసినిగా, అధ్యాపకురాలిగా సిస్టర్ ఫ్రాన్సిస్కా థాంప్సన్ అయింది. తల్లిదండ్రులు పనిచేసిన లఫాయెట్ ప్లేయర్స్ మీదే పరిశోధన చేసింది. మనం ఇంతసేపు చెప్పుకున్నదాంట్లో ఆమె పుణ్యం చాలా ఉంది.

అదే 1932 ఫిబ్రవరిలో మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది, లీలావతిగా సురభి కమలాబాయి. నాటకాల కుటుంబంలో పుట్టి తెర మీదికి నడిచిన మనిషి. ఈ రెండు పేర్లూ పక్కపక్కన చెబితే పెద్దవాళ్ళకి కాలం అందుతుంది.

ఇక మాట్లాడనివ్వండి. మైకు ముందు వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళకి ఇవ్వండి, లేకపోతే చదువుకున్న మగవాళ్ళు ఉపన్యాసాలు మొదలుపెడతారు. ఎవరో ఒకరు కారంచేడు అంటారు. చుండూరు అంటారు. మా వైపైతే 2012 నాటి లక్ష్మింపేట పేరు తప్పకుండా వస్తుంది. దళితుల్ని మూకలు చంపిన ఊళ్ళు ఇవన్నీ. ఆ పేర్లు రాగానే నిర్వాహకులకి కంగారు పుట్టి “సినిమా గురించే మాట్లాడదామండి” అంటారు. అనకండి. మిషో ఈ సినిమా తీసింది సరిగ్గా అందుకే. గొంతు పెరిగితే పెరగనివ్వండి. తిట్లు మాత్రం రానివ్వకండి, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో ఎవరూ లాక్కోకుండా చూడండి. ఆఖరి బస్సు వేళ చూసుకుని ముగించండి.

రెండో ఆట వేద్దామన్న ఉత్సాహం ఉంటే, మిషో మూకీల్లో మిగిలిన ఇంకో రెండింటిలోంచి తీసుకోండి. 1920 నాటి ‘ద సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్’లో ఐరిస్ హాల్ ఉంది. 1925 నాటి ‘బాడీ అండ్ సోల్’లో పాల్ రాబ్సన్ పక్కన జూలియా థెరెసా రసెల్, తల్లిగా మెర్సిడీస్ గిల్బర్ట్ ఉన్నారు. నేనైతే రెండోదాంతో మొదలుపెట్టమంటాను, కూతుర్ని కన్న తల్లులకి ఆ కథ సూటిగా తగులుతుంది. ‘విదిన్ అవర్ గేట్స్’కి నేను రాసుకున్న నోటుబుక్కు కావాలన్నవాళ్ళకి జెరాక్సు తీసి ఇస్తున్నాను. మీ యాసకి మార్చుకుని చదవండి. చిత్తూరువాళ్ళు చిత్తూరు మాటలో, కరీంనగరువాళ్ళు తమ మాటలో.